ఒంట్లో రాడ్డు, ప్లేటు, స్టెంటు ఉన్నవారికి: ఆపరేషన్ అయిన రోజు నుంచి స్కానింగ్ గది దాకా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద ఆపరేషన్ అనగానే చాలా కుటుంబాలు చెన్నైకో, వేలూరుకో, తిరుపతికో, గుంటూరుకో బయలుదేరతాయి. మరికొందరికి నెల్లూరులోనో ఒంగోలులోనో జరిగిపోతుంది. ఎక్కడ చేయించుకున్నా, కొన్నేళ్ల తరువాత నడుము నొప్పికో, తలతిరుగుడుకో, పక్షవాతం అనుమానంతోనో డాక్టరు ఎమ్మారై, అంటే బలమైన అయస్కాంతంతో తీసే స్కానింగ్ రాసినప్పుడు ఆ స్కానింగ్ తీసేది వేరే ఊరిలో, వేరే సెంటర్‌లో, మన ఆపరేషన్ సంగతి ఏమాత్రం తెలియని మనుషులు. అక్కడి టెక్నీషియన్ "ఒంట్లో ఏమైనా లోహం ఉందా?" అని అడిగితే "తొడలో రాడ్డు వేశారండీ" అన్నంతవరకే సమాధానం వస్తుంది. ఆ రాడ్డు ఏ లోహంతో చేసినది, ఏ కంపెనీది, ఏ సంవత్సరంలో వేసినది అంటే ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. స్కానింగ్ ఆగిపోయేది చాలాసార్లు లోహం వల్ల కాదు, ఆ లోహం గురించిన కాగితం లేకపోవడం వల్ల.

అందుకే ఈ మార్గదర్శిలో ఆపరేషన్ తరువాత కోలుకునే కాలాన్నీ, ఆ తరువాత జీవితమంతా స్కానింగుల దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలనూ కలిపి రాస్తున్నాను. రెండో దానికి అవసరమైన ఆధారాలు సులువుగా దొరికేది మొదటి కాలంలోనే. మీ శరీరాన్ని స్వయంగా చూసిన సర్జన్ చెప్పిన మాట ఇక్కడి సాధారణ సూచనకు భిన్నంగా ఉంటే, సర్జన్ మాటనే పాటించండి.

మొదటి పని: డిశ్చార్జికి ముందే కాగితం అడగడం

స్టెంటు, పేస్‌మేకర్, కృత్రిమ మోకాలు, తుంటి కీలు వంటివి సీలు వేసిన పెట్టెల్లో థియేటర్‌కు వస్తాయి. ఆ పెట్టెలో కంపెనీ పేరు, మోడల్, బ్యాచ్ నంబరు, సైజు ముద్రించిన స్టిక్కర్లు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి కేస్ షీట్‌లో అతికిస్తారు. మరొకటి మీ డిశ్చార్జి కాగితం మీద అతికించమని అడగండి; మిగలలేదంటే కేస్ షీట్‌లోని స్టిక్కరును ఫోటో తీసుకోనివ్వమని అడగండి. పేస్‌మేకర్‌కూ స్టెంటుకూ విడిగా చిన్న కార్డు ఇస్తారు, దానిని వదిలిపెట్టి రాకండి. ఎముకలకు వేసే ప్లేట్లు, స్క్రూల సంగతి వేరు. మన ఆసుపత్రుల్లో అవి తరచుగా ట్రేలలో వచ్చి, అక్కడే స్టెరిలైజ్ అయి వాడబడతాయి గనుక స్టిక్కరు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు సర్జన్‌ను మర్యాదగా ఒకే ఒక్క వాక్యం రాసిమ్మని కోరండి: వేసినది టైటానియమా, స్టెయిన్‌లెస్ స్టీలా, ఏ కంపెనీది, ఎమ్మారై తీయించుకోవచ్చా, తీయించుకుంటే ఏ షరతుతో. డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది కానీ ఈ వివరం సాధారణంగా ఉండదు.

డబ్బు కట్టి చేయించుకున్నవారికి బిల్లు కూడా ఆధారమే. 2017లో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధరలకూ, ఆగస్టులో మోకాలి కీళ్ల ధరలకూ పరిమితి విధించింది. స్టెంటు ధరను బిల్లులో విడిగా చూపాలనీ, దాని బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు రాయాలనీ ఆసుపత్రులకు నిబంధన పెట్టింది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే పథకం కింద చేయించుకున్నవారి చేతికి అలాంటి బిల్లు రాదు. కాబట్టి ఆ ఆసుపత్రిలో పథకం కౌంటర్ దగ్గర ఉండే సిబ్బందిని డిశ్చార్జి రోజునే అడగాలి.

ఆపరేషన్ అయి చాలాకాలమైతే ఏం చేయాలి? అప్పటి భారత వైద్య మండలి 2002లో డాక్టర్ల కోసం తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం, లోపల చేరి చికిత్స పొందిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ అతను అధికారం ఇచ్చినవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి మూడేళ్ల లోపల ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రి రికార్డుల విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. మూడేళ్లు దాటినా అడగడంలో తప్పు లేదు, కొన్ని ఆసుపత్రులు కంప్యూటర్‌లో చాలాకాలం ఉంచుతాయి.

దాచే పద్ధతి గురించి ఒక చిన్న మాట. బిల్లులు, ఈసీజీ పట్టీలు వంటివి వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. వాటిని లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా మారిపోతుంది, చేయించకపోయినా కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. ముందు జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌కు లామినేషన్ చేయించండి. ఫోటో తీసి మీ ఫోనులో ఒక్కదానిలోనే ఉంచక, కొడుకు, కూతురు, అల్లుడు ఎవరో ఒకరికి కూడా పంపి ఉంచండి. రోడ్డు ప్రమాదం జరిగి మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు మీ ఫోను తెరిచేవారు ఉండరు.

రెండో పని: ఇంట్లో గాయం మానే రోజులు

కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, ఆకు పసరు, బూడిద ఏదీ రాయకూడదు. డ్రెస్సింగ్ పొడిగా ఉంచాలి. స్నానం ఎప్పుడు చేయవచ్చో డిశ్చార్జి రోజే అడిగి తెలుసుకోవాలి, అప్పటివరకు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవాలి. చర్మానికి వేసిన కుట్లు గానీ స్టేపుల్స్ గానీ కాలు, చేయి, కీళ్ల ఆపరేషన్లలో సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య విప్పుతారు. షుగరు ఉన్నవారికి ఇంకొంత ఆలస్యం కావచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర విప్పించుకుంటామంటే, ఆయనకు స్టేపుల్స్ విప్పే పరికరం ఉందో లేదో ముందు కనుక్కోండి. ఆ పరికరం లేకుండా లాగితే మానిన చర్మం మళ్లీ చీలుతుంది.

తిండి విషయంలో మన వైపు పథ్యం పేరుతో జరిగేది చూస్తే బాధ కలుగుతుంది. పప్పు తింటే చీము పడుతుందనే నమ్మకంతో, గాయం మానడానికి మాంసకృత్తులు ఎక్కువగా కావలసిన రోజుల్లోనే పప్పు, గుడ్డు, పెరుగు ఆపేసి, కారప్పొడితో అన్నం పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చీము పట్టేది గాయంలో సూక్ష్మక్రిములు చేరడం వల్ల. పప్పుకు దానితో సంబంధం లేదు. మూత్రపిండాల జబ్బు ఉండి డాక్టరు వద్దన్నవారు తప్ప మిగిలినవారు పప్పు, గుడ్లు, పాలు, చేపలు, కోడిమాంసం నిస్సంకోచంగా తినవచ్చు. కొరమీను పులుసు పెడితే పుండు త్వరగా మానుతుందని పెద్దలు చెప్పే మాటలో కొరమీనుకే ప్రత్యేకమైన మహిమ ఏమీ లేకపోయినా, చేప పెట్టడం మంచిదే. షుగరు ఉన్నవారు మాత్రం తినే పదార్థం కంటే చక్కెర స్థాయి మీద ఎక్కువ దృష్టి పెట్టాలి; షుగరు అదుపు తప్పితే ఎంత మంచి తిండి తిన్నా గాయం ఆలస్యంగా మానుతుంది.

మంచం మీదే ఉండిపోవడం విశ్రాంతి అనిపించుకోదు. డాక్టరు నడవమన్న రోజు నుంచి వాకర్ సాయంతోనైనా నడవాలి, పడుకున్నప్పుడు పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి, మూడు బంతులున్న ఊపిరి పరికరం ఇస్తే గంటకోసారి లోపలికి గాలి పీల్చాలి. ఇవి చేయనివారికి పిక్కల్లోని రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరే ప్రమాదం పెరుగుతాయి. ఒక పిక్క మాత్రమే వాచి, బిగుసుకుని, నొప్పి పెడితే అదే రోజు చూపించుకోండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం కనిపించడం జరిగితే మరునాటి దాకా ఆగకుండా 108కి ఫోను చేయండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, గాయం చుట్టూ ఎరుపు రోజురోజుకూ వ్యాపించడం, చీము లేదా దుర్వాసన, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం కూడా డాక్టరును వెంటనే కలవవలసిన సూచనలే. లోహం ఉన్నచోట చీము పట్టడం మామూలు పుండు లాంటిది కాదు. సూక్ష్మక్రిములు లోహాన్ని పట్టుకుని పొరలా పేరుకుంటాయి, అప్పుడు మాత్రలు సరిగా పనిచేయవు. కనుక మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కుని రోజులు గడపడం ఇక్కడ ఖరీదైన పొరపాటు అవుతుంది.

గుండెకు స్టెంటు వేసినవారు యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మాత్రలను గుండె డాక్టరు ఆపమనే దాకా ఆపకూడదు. పన్ను పీకేవారు ఆపమన్నా, ముందుగా గుండె డాక్టరును అడగాలి. బైపాస్ చేయించుకున్నవారి రొమ్ము ఎముకను స్టీలు తీగలతో కడతారు. ఎముక అతుక్కునే దాకా, అంటే రెండు మూడు నెలలు, బరువులు ఎత్తడం, బిందె మోయడం, బండి నడపడం మానాలి. తుంటి కీలు మార్చినవారు సర్జన్ అనుమతించే దాకా కింద కూర్చుని తినడం, కాలి మీద కాలు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం చేయకూడదు. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో పైన పెట్టుకునే కమోడ్ కుర్చీని ఆపరేషన్‌కు ముందే కొనిపెట్టుకోవడం తెలివైన పని. మోకాలు మార్చినవారు హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే కాలు చాపడం రాకుండా బిగుసుకుపోతుంది.

ఫిజియోథెరపీకి వెళ్లినప్పుడు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. చాలామంది ఇది చెప్పరు. "కరెంటు పెట్టించుకున్నాం" అని మనవాళ్లు అనేవాటిలో షార్ట్‌వేవ్ డయాథర్మీ అనేది లోతుగా వేడి పుట్టించే యంత్రం. లోహం ఉన్నచోట దానిని పెడితే ఆ లోహం చుట్టూ కండ కాలిపోవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారికి దానిని అసలు పెట్టకూడదు. మంచం మీద పడుకోకముందే "ఇక్కడ ప్లేటు ఉంది", "నాకు పేస్‌మేకర్ ఉంది" అని నోరు తెరిచి చెప్పండి.

మూడో పని: ఏ స్కానింగ్‌కు లోహంతో ఇబ్బంది ఉందో తెలుసుకోవడం

ఇక్కడ అపోహలు రెండు వైపులా ఉన్నాయి. కొందరు రాడ్డు ఉంది గనుక ఎక్స్‌రే కూడా వద్దంటారు. మరికొందరు సీటీ తీయించుకున్నాం గనుక ఎమ్మారైకి కూడా ఏమీ కాదనుకుంటారు. ఎక్స్‌రే, సీటీ రెండూ ఎక్స్ కిరణాలతో పనిచేస్తాయి, వాటిలో అయస్కాంతం లేదు. అక్కడ గొలుసు, గాజులు తీయమనేది నీడ పడి చిత్రం పాడవుతుందని మాత్రమే. సీటీలో లోపలి ప్లేటు చుట్టూ చారలు పడి కొంత భాగం కనిపించకపోవచ్చు, రోగికి హాని మాత్రం ఉండదు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ఈ రెండింటికీ ముందే చెప్పాలి. అల్ట్రాసౌండ్‌కు ఏ లోహంతోనూ పేచీ లేదు.

జాగ్రత్త అంతా ఎమ్మారై దగ్గరే. అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. మన దగ్గర కనిపించే యంత్రాలు ఎక్కువగా 1.5 టెస్లా, కొన్ని 3 టెస్లా. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు ముప్ఫై వేల రెట్లు. ద్రవ హీలియంతో చల్లబరిచిన తీగచుట్టలో ప్రవాహం నిరంతరం తిరుగుతూ ఉంటుంది గనుక, చప్పుడు లేనప్పుడు, రోగి లేనప్పుడు, రాత్రి తాళం వేసినప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లనే "యంత్రం ఆగి ఉంది కదా" అని లోపలికి అడుగు పెట్టేవారు ఉంటారు. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో రోగి వెంట వచ్చిన బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎమ్మారై గదిలోకి వెళ్లగా, యంత్రం సిలిండర్‌తో సహా ఆయనను లాగేసుకుంది. ఆయన ప్రాణం పోయింది. 2025 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలో భార్యను లేవదీయడానికి గదిలోకి వెళ్లిన ఒకాయన, మెడలో వ్యాయామం కోసం వేసుకున్న సుమారు తొమ్మిది కిలోల గొలుసు వల్ల అలాగే చనిపోయారు. ఈ రెండు సంఘటనల్లోనూ పోయింది తోడు వచ్చిన మనిషి అని గమనించండి.

అయస్కాంతం లాగడం ఒక ప్రమాదం. స్కానింగ్ జరుగుతున్నప్పుడు రేడియో తరంగాల వల్ల లోహం, తీగలు వేడెక్కి చర్మం కాలడం రెండో ప్రమాదం. పేస్‌మేకర్ వంటి విద్యుత్ పరికరాల లెక్క తప్పడం మూడోది.

నాలుగో పని: మీ ఒంట్లోని లోహం ఏ కోవకు చెందుతుందో చూసుకోవడం

పరికరాల మీద, వాటి పత్రాల మీద మూడు గుర్తుల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఆకుపచ్చ చతురస్రం ఉంటే ఎమ్మారై గదిలో ఎలాంటి ఇబ్బంది లేనిదని అర్థం. పసుపు త్రిభుజం ఉంటే కొన్ని షరతులకు లోబడి పంపవచ్చని అర్థం. ఎర్ర వలయంలో అడ్డగీత ఉంటే గదిలోకి తీసుకువెళ్లనే కూడదు. ఎముకల్లో వేసే లోహం దాదాపు అంతా పసుపు కోవలోదే. ఆ షరతుల్లో ముఖ్యమైనది యంత్రం బలం ఎన్ని టెస్లాలు అన్నది. మీ కాగితం మీద 1.5 అని మాత్రమే రాసి ఉంటే 3 టెస్లా యంత్రంలో పడుకోకూడదు. సెంటర్‌కు ఫోను చేసినప్పుడు ధరతో పాటు ఈ సంగతి కూడా కనుక్కోండి.

రాడ్డు, ప్లేటు, కృత్రిమ కీలు: ఇప్పుడు వాడే టైటానియం, కోబాల్ట్ క్రోమియం, 316ఎల్ రకం స్టీలు అయస్కాంతానికి చెప్పుకోదగినంతగా లొంగవు, పైగా ఎముకలో బిగించి ఉంటాయి. "రాడ్డును లాగేస్తుంది" అన్న భయం అక్కరలేదు. చిత్రం మాత్రం ఆ చుట్టుపక్కల నల్లగా పోతుంది. మోకాలు మార్చినవారికి అదే మోకాలి ఎమ్మారై వల్ల పెద్దగా ఉపయోగం ఉండకపోవచ్చు, మెదడు ఎమ్మారైకి మాత్రం ఏ అడ్డూ లేదు. కాలి బయట చట్రంలా బిగించే ఫిక్సేటర్ల విషయం వేరు. వాటి భాగాలు వేడెక్కవచ్చు, కొన్నింటిని అయస్కాంతం లాగవచ్చు, కనుక రేడియాలజిస్టు స్వయంగా చూసి అనుమతించాలి.

గుండె స్టెంటు: కొత్తగా వేయించుకున్నవారు నెలల తరబడి ఆగాలన్న మాట పాతది. ఇప్పటి గుండె స్టెంట్లకు 3 టెస్లా వరకు ఎప్పుడైనా తీయవచ్చునని అమెరికా గుండె వైద్య సంఘం 2007లోనే ప్రకటించింది. కార్డు మాత్రం చూపించాలి. బైపాస్‌లో వేసిన రొమ్ము తీగలతో కూడా ఇబ్బంది లేదు.

పేస్‌మేకర్: ఎమ్మారై తట్టుకునే పేస్‌మేకర్లు పదిహేనేళ్లుగా దొరుకుతున్నాయి, కానీ బ్యాటరీ పెట్టె ఒక్కటే అలాంటిదైతే చాలదు, గుండెకు వెళ్లే తీగలు కూడా అలాంటివే కావాలి, పాతవాటిని లోపలే వదిలేసి కొత్తవి వేసి ఉండకూడదు. స్కానింగ్ రోజున గుండె డాక్టరు గానీ కంపెనీ టెక్నీషియన్ గానీ వచ్చి దానిని స్కానింగ్ పద్ధతిలోకి మార్చాలి, అయ్యాక మళ్లీ మామూలు పద్ధతిలోకి తేవాలి. ఈ రెండో మార్పు జరిగిందని నిర్ధారించుకోకుండా సెంటర్ నుంచి కదలకండి. ఇది ఫోను చేసిన మరుక్షణం కుదిరే పని కాదు గనుక రోజుల ముందే ఏర్పాటు చేసుకోవాలి.

మెదడు రక్తనాళానికి పెట్టిన క్లిప్పు: ఇక్కడ రాజీ లేదు. పాత క్లిప్పుల్లో కొన్ని అయస్కాంతానికి తిరిగి నాళాన్ని చీల్చగలవు. క్లిప్పు ఏదో తెలిపే కాగితం లేకుండా "ఏమీ కాదులే" అని ఎవరన్నా పడుకోకండి.

చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు, అంటే వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపల అమర్చే పరికరం: ఆరోగ్యశ్రీ కింద వేయించుకున్న పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. దాని లోపల అయస్కాంతమే ఉంటుంది. బయటి యంత్రాన్ని తప్పక తీసేయాలి. లోపలిదానికి మోడల్‌ను బట్టి తలకు గట్టి కట్టు కట్టాలా, అయస్కాంతాన్ని తాత్కాలికంగా తీయాలా అన్నది వేసిన సర్జనే చెప్పాలి.

తరచుగా అడిగే మరికొన్ని: కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో వేసే రింగులు సిలికాన్ రబ్బరువి, వాటితో ఏమీ కాదు. హెర్నియా వల సాధారణంగా ప్లాస్టిక్. పిత్తాశయం తీసినప్పుడు పెట్టే క్లిప్పులు ఎక్కువగా టైటానియం. శుక్లం ఆపరేషన్ కటకంలో లోహం లేదు. కాపర్‌టీ ఉన్నవారు చెప్పి తీయించుకోవచ్చు.

ఐదో పని: ఆపరేషన్ లేకుండానే ఒంట్లో చేరిన ఇనుము

ఈ భాగం మన ప్రాంతానికి ప్రత్యేకంగా అవసరం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో సుత్తి, ఉలి, డ్రిల్లు పట్టినవారికీ, ఆటోనగర్‌లో వెల్డింగ్, గ్రైండింగ్, లేత్ పని చేసినవారికీ ఎప్పుడో ఒకప్పుడు కంట్లో రవ్వ పడే ఉంటుంది. రాతి రవ్వ అయితే అయస్కాంతంతో పని లేదు. సుత్తి తల నుంచి, డ్రిల్లు మొన నుంచి ఎగిరిన ఉక్కు రవ్వ మాత్రం ఏళ్ల తరబడి కంట్లో ఏ బాధా లేకుండా ఉండి, ఎమ్మారైలో కదిలి చూపును దెబ్బ తీయగలదు. అలాంటి పని ఎప్పుడు చేసినా, పని మానేసి ఎన్నేళ్లయినా చెప్పండి. ముందు కళ్లకు ఎక్స్‌రే తీసి చూస్తారు. ఖర్చు తక్కువ, సమయం కొద్దిది. నాటు తుపాకీ రవ్వలు, బాణసంచా పేలుడు ముక్కలు ఒంట్లో ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది.

కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వెన్నెముక బిగుసుకుని, కాళ్లు పట్టు తప్పి, మెడ లేదా నడుము ఎమ్మారైకి వచ్చేవారున్నారు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. వీరిలో చాలామంది వెల్లకిలా చదునుగా పడుకోలేరు. ఆ సంగతి ముందే చెబితే దిండ్లు అమర్చి, తగిన వ్యవధి ఇచ్చి తీస్తారు. చెప్పకపోతే మధ్యలో కదిలి చిత్రం చెడి మళ్లీ రావలసి వస్తుంది.

ఆరో పని: స్కానింగ్ రోజు

ఇంటి దగ్గరే సగం పని ముగించుకుని వెళ్లండి. వేలికి బిగుసుకుపోయిన ఉంగరాలు, మెట్టెలు, ముక్కుపుడక సెంటర్‌లో కూర్చుని తీయాలంటే రావు. ముందు రోజు రాత్రి సబ్బునీళ్లతో తీసి ఇంట్లో పెట్టండి. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పని ఆడవాళ్లు పసుపుతాడుతో వస్తారు. దారానికి అభ్యంతరం లేదు గానీ అందులో పిన్నీసు, సూత్రాలు, నల్లపూసల మధ్య తీగ ఉండకూడదు. మొలతాడుకు కట్టిన తాయెత్తు, మెడలోని రక్షరేకు పైకి రాగి, వెండి లాగా కనిపించినా లోపల ఇనుప ముక్క ఉండవచ్చు. జడపిన్నులు, సవరం, జాకెట్టు హుక్కులు, చీర కుచ్చిళ్లకు పెట్టిన పిన్నీసు, బనియన్ జేబులోని నాణెం, చెవి మిషను, కట్టుడు పళ్లు, చేతికి అంటించిన షుగరు సెన్సర్, ఇన్సులిన్ పంపు, చర్మానికి అంటించే మందు పట్టీలు అన్నీ తీసేయాలి. జరీ చీరకు కూడా ఈ పట్టికలో చోటు ఉంది. వెంకటగిరి చీర అంచులో మెరిసేది లోహపు పోగు, అది వేడెక్కగలదు. సెంటర్ ఇచ్చే నూలు గౌను వేసుకోవడమే సరైనది. ఇవ్వకపోతే అడగండి. పాతకాలపు పచ్చబొట్టుతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. రంగుల టాటూ ఉంటే చెప్పండి, చురుక్కుమంటే వెంటనే తెలపండి.

రంగు మందు, అంటే గాడోలినియం ఎక్కించాలంటే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు కావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు ముందే చెప్పాలి. సీటీలో ఎక్కించే అయోడిన్ మందు వేరు. ఇంతకుముందు దానికి దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే చెప్పాలి; మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారు మూత్రపిండాల పరిస్థితిని బట్టి దానిని ఆపాలా అని అడగాలి.

సెంటర్‌లో ప్రశ్నల పత్రం ఇస్తారు. మన దగ్గర దానిని తోడు వచ్చినవారే గబగబా "లేదు, లేదు" అని టిక్కులు కొట్టి సంతకం పెట్టడం మామూలైపోయింది. ఇంగ్లీషులో ఉంటే టెక్నీషియన్‌ను తెలుగులో ఒక్కొక్క ప్రశ్నా చదవమనండి. రోగి మతిమరుపు ఉన్న పెద్దవారైతే ఆయన ఛాతీ, పొట్ట, మోకాళ్లు, నడుము మీద ఆపరేషన్ మచ్చలున్నాయేమో చూసి అడగండి. మచ్చ ఉండి వివరం తెలియకపోతే ముందు ఎక్స్‌రే తీయించడం మేలు.

తోడు వచ్చినవారు గది గడప దాటకూడదు. పిల్లవాడి కోసమో, భయపడే తల్లి కోసమో తప్పక వెళ్లాలంటే రోగి తీసినవన్నీ వారూ తీయాలి. ఫోను, తాళాలు, బెల్టు, ఏటీఎం కార్డు బయటే ఉండాలి. మామూలు చక్రాల కుర్చీ, స్ట్రెచర్, వాకర్, చేతికర్ర, సెలైన్ స్టాండు, ఆక్సిజన్ సిలిండర్ లోపలికి పోకూడదు. ఆసుపత్రి వార్డు బాయ్ తోసుకువెళ్తున్నా సరే, "ఇది లోపలికి పోవచ్చా?" అని ఒక్కసారి గట్టిగా అడగండి. లోపలికి ఏదైనా పోయి యంత్రానికి అంటుకుపోతే చేత్తో లాగే ప్రయత్నం చేయకుండా వెనక్కి రండి.

లోపల పడుకున్నాక చేతులు కట్టుకోకూడదు, వేళ్లు కలపకూడదు, కాళ్లు మెలివేయకూడదు. చర్మం చర్మానికి తగిలి వలయంలా ఏర్పడితే ఆ తాకినచోట కాలే అవకాశం ఉంది, అందుకే మధ్యలో గుడ్డ పెడతారు. చెవుల్లో పెట్టుకోవడానికి ఇచ్చే దూదినో ప్లగ్గులనో వద్దనకండి. ఆ చప్పుడు వినికిడిని దెబ్బ తీసేంత ఉంటుంది. చేతికి ఇచ్చే రబ్బరు బుడ్డిని నొక్కితే బయట గంట మోగుతుంది. ఒంట్లో ఎక్కడైనా వేడి, లాగుడు, చురుకు తెలిస్తే ఓర్చుకోకుండా నొక్కండి. ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట దాకా పట్టవచ్చు. ఇరుకుకు భయపడేవారు ఆ సంగతి ముందే చెబితే నిద్రమందు విషయం డాక్టరు చూస్తారు.

తరువాతి రోజుల్లో

అలిపిరి తనిఖీ దగ్గరా, చెన్నై, రేణిగుంట విమానాశ్రయాల్లోనూ కృత్రిమ మోకాలికి గేటు కూయవచ్చు. కాగితం చూపించి, చేత్తో తనిఖీ చేయించుకోండి. పేస్‌మేకర్ ఉన్నవారు గేటు గుండా ఆగకుండా నడిచిపోవచ్చు. చేతి డిటెక్టర్‌ను మాత్రం ఛాతీ మీద ఉంచి తిప్పనివ్వకూడదు. మొబైల్‌ను చొక్కా జేబులో పెట్టుకోక, పేస్‌మేకర్‌కు పదిహేను సెంటీమీటర్ల దూరంలో, అవతలి చెవి దగ్గర వాడాలి. ఇండక్షన్ పొయ్యికి రెండు అడుగుల దూరం పాటించాలి. వెల్డింగ్ వృత్తిగా ఉన్నవారు మళ్లీ పనిలోకి దిగే ముందు గుండె డాక్టరుతో విడిగా మాట్లాడాలి.

ఎముక అతికాక రాడ్డు తీయించాలా అని అందరూ అడుగుతారు. పెద్దవారిలో నొప్పి గానీ చీము గానీ లేకపోతే చాలావరకు తీయనవసరం లేదు, తీయడం మరో ఆపరేషన్. పిల్లల్లో తరచుగా తీస్తారు. ఒకవేళ తీయిస్తే, పాత కాగితం మీద తీసిన తేదీ రాయించండి. తీసేటప్పుడు స్క్రూ విరిగి కొంత ముక్క ఎముకలోనే ఉండిపోవడం అరుదు కాదు. అలా జరిగితే ఆ సంగతిని కూడా డాక్టరు చేత రాయించి, తీసిన తరువాతి ఎక్స్‌రేను దానితో కలిపి దాచండి.